ఆవుకు తొమ్మిది ప్రశ్నలు

"నేను రాసిన ఫారాల్లో ఒక్క అబద్ధం ఉండాదని ఎవురన్నా చూపిస్తే, కాణిపాకం పోయి వినాయకుడి ముందర నిలబడి, ఆడనే ఉద్యోగం వదిలేస్తానక్కా," అన్నాడు మునిశేఖర్.

జులై నెల, సోమవారం పొద్దున. ఐరాలలో ఎరువుల అంగడి పైనున్న ఒంటి గదిలో అన్నాడు ఆ మాట. ఆ గదే వాళ్ల ఆఫీసు. విన్నది సూపర్‌వైజర్ స్టెల్లా. పదేళ్ల సర్వీసులో ఇలాంటి శపథాలు ఆమె నెలకు నాలుగు వింటుంది.

"కాణిపాకం దాకా ఎందుకులేప్పా. పని చెయ్, సాలు," అని టీ గ్లాసు కడగడానికి లేచింది.

నిజానికి కాణిపాకం దాకా పోనక్కర్లేదు. ఆమె కుర్చీ వెనకున్న బీరువా దాకా పోతే చాలు. అందులో పోయినేటి కట్టలో ఒకటి, అంతకుముందేటి కట్టలో ఒకటి, రెండు ఫారాలున్నాయి. రెండింటి మీదా దేవకమ్మ పేరే. రెండింటినీ మునిశేఖర్ బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చుని, మిరపకాయ బజ్జీ నూనె కాగితానికి అంటకుండా, ఎంతో శ్రద్ధగా నింపాడు. దేవకమ్మ ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఆ ఫారాలు ఓ సర్వేవి. తిరుపతిలోని ఒక పరిశోధన సంస్థ పదేళ్ల కిందట మొదలుపెట్టింది. ఐరాల చుట్టూ నాలుగు వందల ఎనభై ఇళ్లు. ఏటా అవే ఇళ్లు, ప్రతి ఇంట్లో అదే మనిషి, అవే తొమ్మిది ప్రశ్నలు. నిద్ర పడుతోందా, తిండి పోతోందా, దేని మీదైనా మనసు పోతోందా, బతుకు వద్దనిపిస్తోందా. భూమి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ, పెద్దవీధికీ కాలనీకీ, మనసు కష్టంలో తేడా ఎంత, ఏళ్లు గడిచే కొద్దీ అది పెరుగుతోందా తరుగుతోందా అన్నది వాళ్లకు తేలాలి. ఊళ్లో జనం మాత్రం దీన్ని దిగులు సర్వే అని పిలిచి, అంతటితో తేల్చేశారు.

ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు. బడికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ సున్నా వచ్చినవాడే ఫస్టు. ఆ లెక్కన మండలం ఫస్టు దేవకమ్మ. తొమ్మిదేళ్లు, ఏటా తొమ్మిది ప్రశ్నలు, ఎనభై ఒక్క సున్నాలు. తిరుపతిలో కంప్యూటర్ ముందు కూర్చునే నవీనకు పేర్లు కనపడవు, ఇంటి నంబర్లే కనపడతాయి. నూట పదిహేడో నంబరు ఇంటికి ఆమె 'ఐరాల ఆనందం' అని పేరు పెట్టుకుంది.

ఆనందానికి కారణం దేవకమ్మ మొగుడు గంగాధరం. ఇరవై రెండు ఎకరాల మామిడి తోట ఆసామి. మనిషిని ఒంటరిగా ఉన్నప్పుడే ప్రశ్నలు అడగాలని సర్వే రూలు. గంగాధరాన్ని పంచలో కుర్చీలోంచి లేపాలంటే మాత్రం పొక్లెయిన్ తెప్పించాలి. దేవకమ్మ గడప లోపల నిలబడేది. జవాబులు ఈయన చెప్పేవాడు. "ఆమెకేమప్పా దిగులు. ఇరవై రెండెకరాలుండాది. ఏమీ లేదని రాసుకో." ఆమె తల ఊపేది. తర్వాత ఆయన తోతాపురి చెట్ల గురించి మొదలుపెట్టేవాడు. పూత దగ్గర ఎత్తుకుంటే కాయ కోసి లోడెత్తేదాకా వదిలేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లు ఇది భరించాక, వాళ్లు ఎలాగూ చెప్పే సున్నాలను తానే రాసేసి అందరి శ్రమా తగ్గించాడు మునిశేఖర్.

ఈ యేడాది ఆ సేవ చేసే వీల్లేకుండా పోయింది. కాగితాలు తీసేసి ట్యాబ్‌లు ఇచ్చారు. ఎక్కడ కూర్చుని నొక్కుతున్నారో ట్యాబ్‌కు తెలిసిపోతుంది. మనిషి మీద యంత్రానికి అంత అపనమ్మకం పనికిరాదని మునిశేఖర్ నొచ్చుకున్నాడు. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. రెండేళ్లు రాలేదన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోట్లోంచైనా జారిందంటే, స్టెల్లా చెవిన పడిందంటే, మంగళవారానికి అతనికి ఉద్యోగం ఉండదు.

అందుకని ముందు కాలనీకి పోయాడు. అక్కడ భయం లేదు.

పాల్ మామిడి కోతలకు కూలికి పోతాడు. భార్య కోమలి కూడా అంతే. పాల్‌ను ప్రశ్న అడగడమే ఆలస్యం, చర్చిలో సాక్ష్యం చెప్పినంత స్పష్టంగా చెప్పేశాడు. నడుం పట్టేసి పని తగ్గింది, మూడు దినాలకోసారి నిద్ర, ఊరికే కోపం. మొత్తం పదమూడు.

"వొగ మాట చెప్పప్పా," అన్నాడు పాల్, మార్కులు పడ్డాక. "పెద్దవీధిలో ఎంతొచ్చినాయి?"

"చెప్పకూడదన్నా."

"మాన్లే. దిగులు మా కాలనీలోనే ఇల్లు కట్టుకునిండాదంట. ఆ పక్క దానికి చుట్టాలే లేరంట గదా."

కోమలి చేట కింద పెట్టింది. "ఆ ఆడోళ్లు మాత్రం రాతితో చేసినోళ్లా? మాకు కూలికాడ పక్కన నలుగురుంటారు, నోరు తెరిచి ఏడస్తాం. వాళ్లు యాడ ఏడస్తారు?"

ఆ ప్రశ్నకు ట్యాబ్‌లో గడి లేదు. మునిశేఖర్ దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

పదింటికి పెద్దవీధి చేరేసరికి గంగాధరం కుర్చీలోనే ఉన్నాడు. గడప లోపల దేవకమ్మ. ఆమె మునిశేఖర్‌ను చూసిన చూపులో ఏదో తేడా కనిపించింది. గంగాధరం కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏమప్పా, నిన్ను చూసి శానా కాలమైనట్టుండాదే. పోయినేడు వచ్చినావా నువ్వు?"

ఇలాంటప్పుడు మునిశేఖర్ తల పనిచేయదు, నోరు పనిచేస్తుంది.

"ఆ మాటకేంగానీ సామీ, ఈ యేడు పైనుంచి కొత్త సర్వే వొకటి వచ్చిండాది. పాడి ఆవుల మనసు సర్వే."

ముఖం మీద ఒక్క కండ కదలలేదు. ఆ ముఖం కోసం అతను ఏడో తరగతి నుంచి సాధన చేశాడు. ఆ సాధన పుస్తకాల మీద చేసుంటే ఈపాటికి జిల్లా కలెక్టరయ్యుండేవాడని వాళ్ల నాయన అభిప్రాయం.

"ఆవుకి మనసేందప్పా?"

"అదే సామీ నేనూ అడిగినాను. మనసు బాగలేకుంటే పూటకి రెండు లీటర్లు తగ్గిపోతాదంట. పుంగనూరు పక్క వొగ ఆవు దిగులుతో పాలు బదులు మజ్జిగే ఇచ్చేసిందంట."

మజ్జిగ సంగతి గంగాధరం నమ్మాడో లేదో గానీ, రెండు లీటర్లు నమ్మాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. మునిశేఖర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ తొమ్మిది ప్రశ్నలనే, మనిషి ఉన్నచోట ఆవును పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పోయిన రెండు వారాల్లో మీ ఆవుకి దేని మిందా మనసు పోకుండా ఉండిందా?"

"దానికేం పనప్పా. తినేది, ఇచ్చేది."

"పోవడం లేదు."

ఇద్దరూ తిరిగి చూశారు. మాట గడప లోపలి నుంచి వచ్చింది. సర్వే మొదలైనప్పటి నుంచి దేవకమ్మ నోటి వెంట వచ్చిన మొదటి జవాబు అది.

"ఏంది పోవడం లేదు?" అన్నాడు గంగాధరం.

"మనసు. దానికి దేని మిందా పోవడం లేదు. రోజూ అంతే."

"మేయ్, పొద్దన ఆరు లీటర్లిచ్చె గదా అది."

"ఇస్తాది. ఇచ్చేదానికీ బాగుండేదానికీ ఏం సమ్మందం?"

మునిశేఖర్ రెండో ప్రశ్నకు పోయాడు. ఇంకా సరదాగానే ఉంది అతనికి. "నిద్ర ఎట్ట పోతాండాది?"

"మూడు గంటలకే మెలకువొచ్చేస్తాది. తెల్లారేదాకా దూలం పక్క చూస్తా పండుకోనుంటాది."

మునిశేఖర్ కొట్టం వైపు చూశాడు. కొట్టానికి పైన రేకులు, కింద ఇనుప పైపులు. దూలం లేదు. ఆవేమో గుంజ మీద ఆరేసిన గంగాధరం తుండును నోట్లో పెట్టుకుని, ఈ లోకంలో తనకు ఏ లోటూ లేదన్నట్టు నములుతోంది. తర్వాత అతను ఇంటి లోపలికి చూశాడు. దేవకమ్మ తలపైన నల్లటి చింతమాను దూలం.

తొమ్మిదేళ్లుగా తలుపు వేసి ఉన్న ఇల్లు, ఎవరో గాలి ఊదితే తెరుచుకున్నట్టుంది. ఇప్పుడు నవ్వకూడదు, ఆపకూడదు, తొందరపడకూడదు. ఈ మూడూ అతనికి చేతకాని పనులు. చేశాడు.

"తిండి?"

"తింటాది. తినకుంటే ఏమని అడగతారని తింటాది."

"తన మింద తనకే చిన్నతనంగా?"

"ఇంత పెద్దింట్లో ఉండి ఇంకేం కావాల నీకని దాన్ని అదే తిట్టుకుంటాది. కాలనీ పక్క ఆవులు బీట్లో నాలుగు కలిసి మేస్తాయి. ఇది వొక్కటే కట్టేసిన తావున ఉంటాది."

గంగాధరం ఆవు వైపు, పెళ్లాం వైపు, మళ్లీ ఆవు వైపు చూశాడు. ప్రశ్నలు ఒక్కొక్కటే నడిచాయి. ఆఖరిది వచ్చేసరికి మునిశేఖర్ గొంతు దానంతటదే తగ్గింది.

"ఇట్ట బతికేదానికన్నా లేకుంటేనే మేలని... అనిపిస్తాదా దానికి?"

వీధిలో పాల వ్యాను హారన్ కొట్టుకుంటూ పోయింది. అది మలుపు తిరిగాక దేవకమ్మ చెప్పింది.

"అనిపిస్తాది. కొన్ని దినాలు."

గంగాధరం కుర్చీలోంచి లేచాడు. "చావాలనుకుంటాండాదా? నా కొట్టంలో ఉండి? ఉండప్పా, నేను పోయి పశువుల డాక్టర్ని పిల్చకొస్తా." చెప్పులు వేసుకున్నాడు, వేసుకున్నది వేరే జత అని కూడా చూసుకోకుండా బండి ఎక్కి పోయాడు. సర్వే రూలు లేపలేని మనిషిని ఆవు దిగులు లేపింది.

పంచ ఖాళీ అయింది. దేవకమ్మ గడప దాటి వచ్చి అరుగు మీద కూర్చుంది. మునిశేఖర్ ట్యాబ్ తీశాడు. ఆవు జవాబులు మనిషి ఖాతాలో వేయకూడదని అతనికి తెలుసు. మాట మార్చకుండా, ఉన్నదున్నట్టు అడగాలనీ తెలుసు.

"పెద్దమ్మా, ఆవును రొంత పక్కన పెడదాం. ఇప్పుడు మిమ్మల్నే అడగతాను. ఇష్టం లేకుంటే చెప్పబన్లేదు."

"అడుగు నాయనా. దాన్ని అడిగినంత మెల్లిగా అడుగు."

అడిగాడు. ఈసారి దూలం ఆమె ఇంటిదే, నిద్ర ఆమెదే. మొత్తం పంతొమ్మిది.

తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరేదొచ్చినా ఆ మనిషిని వదిలి కదలకూడదు, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. అరుగు దగ్గరి నుంచి కదలకుండానే స్టెల్లాకు ఫోన్ నొక్కాడు.

"అక్కా, నూట పదిహేడు. పంతొమ్మిది."

"దేవకమ్మ గారింటికాడనా? తమాసాకి ఇది సమయం కాదు శేఖరా."

"తమాసా కాదక్కా. మొదట తమాసానే. ఇప్పుడు కాదు. తొమ్మిదోదానికి ఒకటి."

పన్నెండు నిమిషాల్లో స్టెల్లా స్కూటీ వాకిట్లో ఆగింది. ఆమెది కాలనీ. పదేళ్లలో ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా పంచ మెట్టు దగ్గరే నిలబడేది. అక్కడ ఆగమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే. ఈరోజు కూడా ఆ మెట్టు దగ్గరే ఆగింది.

"ఆడ నిలబడతావేందమ్మా, లోపలికి రా," అంది దేవకమ్మ.

స్టెల్లా చెప్పులు విప్పి లోపలికి, హాలు దాటి, వంటింట్లోకి పోయింది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. మునిశేఖర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. స్టెల్లా ఊరికే ధైర్యం చెప్పలేదు. సూటిగా అడిగింది, సూటిగా విన్నది, చిత్తూరు నుంచి సర్వే తరఫు మనసు డాక్టరమ్మను మధ్యాహ్నానికి రమ్మని ఫోన్ చేసింది, అందాకా తాను ఇక్కడే ఉంటానంది. దేవకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "తింటావా ఏమన్నా," అని అడిగింది. ఆ ఇంట్లో స్టెల్లాను ఆ మాట ఎవరైనా అడగడం అదే మొదలు.

ట్యాబ్‌లో పడ్డ మార్కులు అప్పటికే తిరుపతి చేరాయి, నవీన ఫోన్ చేసింది. స్టెల్లా పంచలోకి వచ్చి ఎత్తింది. నవీన గొంతు ఫోన్ పట్టనంత గట్టిగా ఉంది, పక్కనున్న మునిశేఖర్‌కు అంతా వినపడింది.

"అక్కా, ఐరాల ఆనందం గ్రాఫ్ ఎగిరిపోయింది. తొమ్మిదేండ్లు నేల మింద, ఈ యేడు ఒక్కదెబ్బకి పంతొమ్మిది. నాలుగు వందల ఎనభై ఇండ్లలో ఇంత ఎగిరింది ఇంకోటి లేదు. ఈ పన్నెండు నెలల్లోనే ఆ ఇంట్లో ఏదో జరిగుండాల. అదేందో కనుక్కో. నేను సార్‌కి చెప్పేసినా, సార్ ఢిల్లీకి చెప్తాండాడు."

మునిశేఖర్‌కు ఆ ఎగురు ఎలా వచ్చిందో లోకంలో అందరికన్నా బాగా తెలుసు. గ్రాఫ్‌లో ఆఖరి రెండు చుక్కలూ టీ అంగట్లో పడ్డవి. ఢిల్లీ అనగానే అవి అతని కళ్ల ముందు బస్టాండు దీపాలంత పెద్దవయ్యాయి.

"ఈ యేడు ఏమైందబ్బా ఈడ?" అంది స్టెల్లా ఫోన్ పెట్టేసి.

"మామిడి రేటు పడిపోయె గదక్కా. మళ్లీ వానలు. ఎండలు కూడా. మళ్లీ ఆ కోతులు..."

"నిన్నడగలేదు."

బండి వచ్చి ఆగింది. గంగాధరం వెనక పశువుల డాక్టరు వరదయ్య దిగాడు. కొట్టంలోకి పోయి ఆవు కన్ను చూశాడు, నాలుక చూశాడు, పొట్ట తట్టాడు. నోట్లోంచి సగం తుండు బయటికి లాగి గంగాధరం చేతిలో పెట్టాడు.

"దీనికేం లేదు సామీ. నాకన్నా బాగుండాది," అన్నాడు.

"మూడు గంటలకే మేలుకుంటాదని చెప్పినారే. బతుకొద్దనుకుంటాదని..."

దేవకమ్మ వంటింట్లోంచి వచ్చి పంచలో నిలబడింది. "అది ఆవు కాదు. నేను," అంది.

గంగాధరం చేతిలో తడి తుండు అలాగే ఉంది. ఏదో ఒకటి గట్టిగా అంటాడని మునిశేఖర్ అనుకున్నాడు. ఆయన నడిచొచ్చి కుర్చీ దాకా పోయి, అందులో కూర్చోకుండా, ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. వరదయ్య సంచి తీసుకుని చప్పుడు కాకుండా వీధిలోకి పోయాడు.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు గంగాధరం.

మునిశేఖర్ ట్యాబ్ వంక చూడసాగాడు. ఆఫ్ అయిన తెర మీద అతని ముఖమే కనపడుతోంది.

"మూడేండ్లుగా," అంది దేవకమ్మ. "తడ ఊర్లో ఉండే మా అక్క సచ్చిపోయినప్పట్నించి. దినామూ ఫోన్ చేసేది అదొక్కటే గదా నాకు." స్టెల్లా వైపు తిరిగింది. "పోయినేడు చెప్పదామనే ఉంటినమ్మా. మీరొచ్చే నెలే గదా అని చూస్తా ఉంటి. ఈయన మామిడి ట్రాక్టరు ఏసుకోని గుజ్జు ఫ్యాక్టరీ ముందర నాలుగు దినాలు వరసలో ఉండె. ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దన్నే కాపీ పెట్టుకోని వాకిట్లో కూసుంటి. ఈ పిల్లోడు ఎదురింటికొచ్చె. పక్కింటికొచ్చె. మాయింటికి రాలేదు. నాకే దిగులూ లేదని వాళ్లే తేల్చేసినారేమో అనుకుంటి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే మునిశేఖర్‌కు తగిలింది. తిట్టి ఉంటే ఎలా తప్పించుకోవాలో అతనికి తెలుసు.

స్టెల్లా అతని వైపు తిరిగింది. "పోయినేటి నూట పదిహేడు ఫారం నేను చూసినాను. చేతిరాత నీదే."

"నాదే అక్కా."

"యాడ కూసోని రాసినావు?"

ఒక్క క్షణంలో అతని తలలో మూడు అబద్ధాలు తయారయ్యాయి. కుక్క కరవబోవడం ఒకటి, వాకిట్లో ఎవరూ లేకపోవడం ఒకటి, జ్వరం ఒకటి. మూడూ అతని జీవితంలోనే మేలైనవి. దేవకమ్మ అతన్నే చూస్తోంది. వాకిట్లో కాఫీ పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు ఆ మూడింట్లో ఒక్కటీ నోటిదాకా రాలేదు. ఏడో తరగతి నుంచి సాధన చేసిన ముఖం కూడా నిలబడలేదు.

"బస్టాండుకాడ టీ అంగట్లో," అన్నాడు. "పోయినేడూ, అంతకుముందేడూ. ఎట్లాగూ సున్నాలే గదా అనుకున్నా. ఆవు సర్వే కూడా ఉత్తదే సామీ. నేను రాలేదన్న మాట మీరు ఎత్తినారు గదా, దాన్ని మరిపించేదానికి అల్లినాను. మంచి చేద్దామని కాదు."

స్టెల్లా తన ఫోన్ తీసి, ఒక నంబరు నొక్కి, అతని చేతికిచ్చింది. అవతల నవీన అప్పటికే, "చెప్పక్కా, దొరికిందా, ఏం జరిగిందంట ఈ యేడు?" అని అడుగుతోంది.

"నేను మునిశేఖర్‌ని మేడం," అన్నాడు. "ఈ యేడు ఏం జరగలేదు. గ్రాఫ్ ఎగర్లేదు, మూడేండ్లుగా పైనే ఉండాది. ఆఖరి రెండేండ్ల సున్నాలు ఆ పెద్దమ్మ చెప్పినవి కాదు. పద్దెనిమిదీ నేను రాసినవే."